గోధుమగింజ చెప్పిన చరిత్ర



చరిత్ర అనగానే మనలో చాలామందికి గుర్తుకు వచ్చేవి రాజుల పేర్లు, యుద్ధాలు, అవి జరిగిన సంవత్సరాలు. పరీక్షకు ముందురోజు రాత్రి వల్లెవేసి, పరీక్ష అయిన మర్నాడు మరచిపోయినవి. అటువంటిది, చెట్టుకు కూడా చరిత్ర ఉంటుందనీ, వానకు చరిత్ర ఉంటుందనీ, మన వంటింటి డబ్బాలో ఉన్న గోధుమపిండికి ఒక రాజవంశానికి ఉన్నంత చరిత్ర ఉంటుందనీ ఎవరైనా చెబితే కొంచెం వింతగానే తోస్తుంది. అటువంటి చరిత్రను వ్రాయడమే జీవితంలో తన పనిగా పెట్టుకొని, వ్రాసినదాన్ని విశ్వవిద్యాలయం నాలుగు గోడల మధ్యే ఉంచుకోకుండా పదిమంది ముందుకూ తెచ్చిన ఒక చరిత్రకారుణ్ణి గురించి ఈవేళ మీకు చెబుతాను. ఆయన పేరు విలియం క్రోనన్. అమెరికా దేశస్థులు.

ఆయన చేసిన చదువును పర్యావరణ చరిత్ర అంటారు. పేరు పెద్దదే గాని విషయం అంత కష్టమైనదేమీ కాదు. మనుషులు నేలనూ నీళ్ళనూ అడవినీ ఎలా మార్చారు, అలా మారిన నేల తిరిగి ఆ మనుషుల బ్రతుకును ఎలా మార్చింది - ఈ రెండూ కలిపి చెప్పేదే పర్యావరణ చరిత్ర. కొత్తకోడలు వచ్చి ఇంటి పద్ధతులన్నీ మార్చేసిందని అంటూ ఉంటాం. నాలుగేళ్ళు గడిచాక చూస్తే ఆ ఇల్లు కూడా కోడల్ని ఎంతో మార్చి ఉంటుంది. ఒక వైపే చెప్పి ఊరుకుంటే అది సగం కథే గదా! నేల విషయమూ అంతే.

క్రోనన్ 1954లో కనెక్టికట్ రాష్ట్రంలోని న్యూహేవెన్ పట్టణంలో పుట్టారు. తండ్రిగారు కూడా చరిత్ర బోధించే ఆచార్యులే. చిన్నతనంలో ప్రతి వేసవిలోనూ ఇంటిల్లిపాదీ కారులో విస్కాన్సిన్ రాష్ట్రంలో ఒక సరస్సు ఒడ్డున ఉన్న తాతగారింటికి వెళ్ళేవారట. దారిలో షికాగో నగరం తగిలేది. ఫ్యాక్టరీ గొట్టాలు, వాటి పొగ, ఆ వాసన - పిల్లవాడికి ఎప్పుడెప్పుడు ఆ ఊరు దాటిపోతామా అని ఉండేదట. ఊరు దాటగానే పచ్చని పొలాలు, ఆవులు, సరస్సులు కనిపిస్తే ప్రాణం లేచివచ్చేది. పట్నం చెడ్డది, పల్లె మంచిది అని ఆ వయసులోనే మనసులో ముద్ర పడిపోయింది. పెద్దయి చరిత్ర చదివాక గాని ఆయనకు అసలు సంగతి తెలిసిరాలేదు. తనకు అంత ఇష్టమైన ఆ పచ్చని పొలాలకూ, తనకు గిట్టని ఆ పొగగొట్టాలకూ మధ్య విడదీయరాని చుట్టరికం ఉన్నది. ఒకటి లేకుండా రెండోది అలా ఉండేది కాదు. ఆ చుట్టరికాన్ని ఆనవాళ్ళతో సహా పట్టుకొని చూపించడమే ఆయన ముఖ్యంగా చేసిన పని.

ఆయన మొదటి పుస్తకం 1983లో వచ్చింది. 'ఛేంజెస్ ఇన్ ది ల్యాండ్' దాని పేరు. నేలలో వచ్చిన మార్పులు అని చెప్పుకోవచ్చు. పదిహేడో శతాబ్దంలో ఇంగ్లీషువాళ్ళు ఓడలెక్కి అమెరికా తూర్పుతీరానికి చేరారు. ఆ ప్రాంతానికి న్యూ ఇంగ్లండు అని పేరు పెట్టుకున్నారు. అక్కడ అప్పటికే ఉన్న ఆదివాసులకూ, కొత్తగా వచ్చినవారికీ నేలను చూసే చూపులో ఎంత తేడా ఉన్నదో ఈ పుస్తకం చెబుతుంది.

ఆ ఆదివాసుల్లో పొలంపని ఆడవాళ్ళది. చిన్నచిన్న మట్టిదిబ్బలు చేసి, ఒకే దిబ్బమీద మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి కలిపి నాటేవారు. చిక్కుడుతీగకు మొక్కజొన్న కాడే పందిరి. గుమ్మడి ఆకులు నేలను కప్పి కలుపు మొలవకుండా, తడి ఆరకుండా కాపాడేవి. ఇంటిల్లిపాదికీ ఏడాది పొడుగునా కావలసిన తిండిలో సగం, ఆపైన కూడా, ఆ ఆడవాళ్ళ చేతిమీదుగానే వచ్చేది. మగవాళ్ళు వేటకూ చేపలకూ వెళ్ళేవారు. ఇంగ్లీషువాళ్ళ దేశంలో వేట అనేది దొరల వినోదం. అందుచేత ఈ మగవాళ్ళు పనిపాటు లేని సోమరులని వాళ్ళు తీర్మానించేశారు. ఆడవాళ్ళ పొలాల్లో చాళ్ళూ కంచెలూ కనిపించవు గనుక, ఇదీ ఒక వ్యవసాయమేనా అన్నారు. ఎవరూ సాగుచేయని నేల ఎవరు తీసుకుంటే వారిదే అన్నారు. చూశారా, ఆడవాళ్ళ శ్రమను పనిగా లెక్కకట్టకపోవడం ఎంత దూరం పోయిందో! ఇళ్ళల్లో మనం రోజూ చూసే పొరపాటే, అక్కడ ఒక ప్రజ కాళ్ళకింది నేలను లాగివేయడానికి సాకు అయింది.

ఆ తరవాత కంచెలు వచ్చాయి. కంచెల వెనకాల పశువులు, పందులు వచ్చాయి. విచ్చలవిడిగా తిరిగే పందులు ఆదివాసుల పంటలను మేసేసేవి. బీవర్ అని ఒక నీటిజంతువు ఉన్నది. అది కొమ్మలతో, మట్టితో వాగులకు అడ్డంగా ఆనకట్టలు కడుతుంది. యూరపులో టోపీలు తయారుచేసేవాళ్ళు దాని బొచ్చుకు మంచి ధర ఇచ్చేవారు. దాంతో అది కనిపించకుండా పోయేటంతగా వేటాడారు. కట్టేవాళ్ళు లేక ఆనకట్టలు తెగిపోయాయి. మడుగులు ఎండి పచ్చికబయళ్ళు అయ్యాయి. ఎక్కడో ఒక దొర పెట్టుకున్న టోపీకీ ఇక్కడ ఒక వాగు ఎండడానికీ ముడి ఉన్నదన్నమాట. అయితే క్రోనన్ ఒక జాగ్రత్త తీసుకున్నారు. ఆదివాసులు నేలను ముట్టుకోకుండా దేవుడిచ్చినది ఇచ్చినట్టు ఉంచారని ఆయన వ్రాయలేదు. వాళ్ళూ అడవిలో పొదలకు నిప్పుపెట్టి శుభ్రం చేసుకునేవారు. అలా చేయడంవల్ల లేతపచ్చిక మొలిచి జింకలు వచ్చేవి. నేలను మార్చనివాళ్ళు ఎవరూ లేరు. ఎలా మార్చారు, ఎంత మార్చారు, ఎవరి లాభానికి మార్చారు అన్నవే ప్రశ్నలు.

ఇక రెండో పెద్ద పుస్తకం 1991లో వచ్చిన 'నేచర్స్ మెట్రోపాలిస్'. మనలాంటి ఇల్లాళ్ళకు నేరుగా సంబంధించినది ఇదే. ఇది షికాగో నగరం కథ. 1840లో ఆ ఊళ్ళో జనం నాలుగున్నర వేలకు మించరు. 1890 నాటికి పదిలక్షలు దాటారు. యాభై ఏళ్ళలో ఒక ఊరు అంత ఎలా పెరిగింది? గొప్ప గొప్ప భవనాల గురించీ, కోటీశ్వరుల గురించీ చెప్పవచ్చు. క్రోనన్ అలా చెప్పలేదు. గోధుమలు, కలప, మాంసం - ఈ మూడు సరుకుల వెనకాల నడిచి వెళ్ళి కథ చెప్పారు.

మొదట గోధుమల సంగతి చూడండి. పూర్వం రైతు తన గింజను బస్తాల్లో నింపి, దానిమీద గుర్తు వేసుకొని పడవలో పంపేవాడు. కూలీలు బస్తాలను భుజాలమీద మోసేవారు. ఎంత దూరం వెళ్ళినా, అమ్ముడయ్యేదాకా ఆ బస్తా ఆ రైతుదే. గింజ బాగుంటే పేరూ అతనిదే, పుచ్చిపోతే నష్టమూ అతనిదే. 1848లో షికాగోకు కాలువ వచ్చింది. ఆ ఏడే మొదటి రైలూ నడిచింది. ఆవిరియంత్రంతో గింజను పైకి తోడే పెద్దగిడ్డంగి కూడా ఆ సంవత్సరమే అక్కడ మొదటిసారి కట్టారు. దాన్ని ఎలివేటరు అంటారు. వర్తకులందరూ కలిసి బోర్డ్ ఆఫ్ ట్రేడ్ అనే సంఘం పెట్టుకున్నదీ అప్పుడే. రైలుపెట్టెల్లో నుంచి గింజ నీళ్ళలా గిడ్డంగిలోకి పోవాలంటే బస్తాలు పనికిరావు. బస్తా పోయిందంటే రైతు పేరూ పోయింది. ఎల్లయ్య గింజా పుల్లయ్య గింజా ఒకే గాదెలో కలిసిపోయాయి.

మరి బాగున్న గింజకూ బాగులేని గింజకూ తేడా ఎలా? వర్తకసంఘం రకాలు నిర్ణయించింది. మొదటిరకం, రెండోరకం అని ముద్రవేసి రైతు చేతికి ఒక రసీదు ఇచ్చేవారు. ఆ రసీదు చేతులు మారడం మొదలుపెట్టింది. ఆ తరవాత ఇంకా నాటని పైరుమీద కూడా, ఫలానా నెలలో ఇన్ని గింజలు ఇస్తానని వాయిదాబేరాలు బయల్దేరాయి. గోధుమగింజను కంటితో చూడనివాడు లక్షలు గడించాడు, లక్షలు పోగొట్టుకున్నాడు. గిడ్డంగివాళ్ళేమో మంచిగింజ తీసుకొని, అందులో తక్కువరకం కలిపి, ఆ రకం కిందికి జారిపోనంతవరకు పలచన చేసి బయటికి పంపేవారు. పాలవాడు నీళ్ళు కలిపే లెక్కే. రైతులు గగ్గోలు పెట్టారు. 1871లో ఇల్లినాయ్ రాష్ట్రం గిడ్డంగులమీద తనిఖీ చట్టం తెచ్చింది. ప్రజల అవసరంతో ముడిపడిన వ్యాపారంమీద ప్రభుత్వం అదుపు పెట్టవచ్చునని 1877లో అమెరికా సుప్రీంకోర్టు కూడా ఒప్పుకొన్నది.

తరవాత కలప. షికాగోకు పడమరనున్న మైదానాల్లో గడ్డి తప్ప చెట్టు లేదు. అక్కడ కాపురం పెట్టిన రైతుకు ఇల్లు కట్టుకోవాలన్నా, కంచె వేసుకోవాలన్నా కలప కావాలి. ఉత్తరాన విస్కాన్సిన్, మిషిగన్ రాష్ట్రాల్లో పైన్ చెట్ల అడవులు కొట్టి, దుంగలను వసంతకాలం వరదనీళ్ళలో తేల్చి, కోసి, సరస్సుమీద షికాగోకు చేర్చేవారు. అక్కడినుంచి రైలుమీద మైదానాలకు. తరగవనుకున్న ఆ అడవులు ఆ శతాబ్దం ముగిసేసరికి చాలావరకు తరిగిపోయి మోడులు మిగిలాయి. కొట్టిపడేసిన కొమ్మలూ పొట్టూ ఎండిపోయి నిప్పుకు సిద్ధంగా ఉండేవి. 1871 అక్టోబరు 8వ తేదీ రాత్రి షికాగో తగలబడింది. దాదాపు మూడువందలమంది పోయారు. ఆ మంటల సంగతి లోకమంతా ఎరుగును. సరిగ్గా ఆ రాత్రే విస్కాన్సిన్‌లో పెష్టిగో అనే కలప పట్టణం, చుట్టుపట్ల పల్లెలతో సహా అంటుకొని వెయ్యిమందికి పైగా చనిపోయారు. ఆ మాట ఎంతమంది ఎరుగుదురు? పెష్టిగో కలపమిల్లు యజమాని విలియం ఆగ్డెన్ షికాగో నగరానికి మొట్టమొదటి మేయరు. ఆ ఒక్కరాత్రే ఆయన ఆస్తి రెండుచోట్లా కాలింది. పట్నానికీ అడవికీ ఉన్న చుట్టరికానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

మూడోది మాంసం. 1865లో క్రిస్టమస్ రోజున షికాగోలో యూనియన్ స్టాక్‌యార్డ్ అనే పెద్ద పశువుల దొడ్డి తెరిచారు. చలికాలంలో సరస్సులమీద గడ్డకట్టిన మంచును కోసి దాచి, దాంతో చల్లబరచిన రైలుపెట్టెల్లో మాంసాన్ని తూర్పున ఉన్న నగరాలకు పంపడం కొన్నేళ్ళకే మొదలైంది. మైదానాల్లో మందలుగా తిరిగే అడవిదున్నలను ఆ కాలంలోనే తుపాకులతో కొట్టి దాదాపు నిర్మూలించేశారు. వాటిచోట్లోకి మనుషులు పెంచే పశువులు వచ్చాయి. ఊరి కసాయివాడు తెలిసిన పశువును కోసి అమ్మే రోజులు పోయాయి. కొనే ఇల్లాలికి ఆ పశువు ఎక్కడ మేసిందో, ఎవరు పెంచారో, ఎక్కడ చచ్చిందో తెలియనక్కరలేకుండా పోయింది.

ఈ పుస్తకం మొత్తంమీద నాకు అర్థమైన సారాంశం ఇది. సరుకు ఎంత దూరంనుంచి వస్తే, దాని పుట్టుక అంతగా మరుగున పడుతుంది. ధర కనిపిస్తుంది గాని, దానికోసం పోయిన అడవి కనిపించదు. ఆ మరుగును తొలగించి చూపడమే చరిత్రకారుని పని అని క్రోనన్ నమ్మారు. అందుకోసం ఆయన వెతికిన కాగితాలు కూడా చిత్రమైనవి. 1870 ప్రాంతాల్లో వ్యాపారాలు మునిగి దివాలా తీసినవాళ్ళ కోర్టుదస్త్రాలు తీసి, ఏ ఊరి దుకాణందారు ఏ ఊరి వర్తకుడికి బాకీ ఉన్నాడో చూసి, ఆ బాకీలనుబట్టి పటాలు గీశారు. షికాగో చెయ్యి ఎంత దూరం చాచుకొన్నదో ఆ పటాల్లో తేలింది. మునిగిపోయినవాడి అప్పుల చిట్టా కూడా చరిత్రకు పనికివచ్చిందన్నమాట! ఈ పుస్తకానికి 1992లో బాంక్రాఫ్ట్ బహుమతి వచ్చింది. అమెరికాలో చరిత్రగ్రంథాలకు ఇచ్చే బహుమతుల్లో అది చాలా గౌరవమైనది.

1995లో ఆయన వ్రాసిన ఒక వ్యాసం ప్రకృతిప్రేమికుల మధ్యే పెద్ద దుమారం లేపింది. మనిషి అడుగుపెట్టని అడవే అసలైన ప్రకృతి అనే భావం మనుషులు కల్పించుకున్నదేనని ఆ వ్యాసంలో వాదించారు. 1872లో ఎల్లోస్టోన్‌తో మొదలుపెట్టి అమెరికాలో జాతీయ ఉద్యానవనాలు ఏర్పాటుచేసినప్పుడు, అక్కడ తరతరాలుగా తిరిగిన ఆదివాసులను తప్పించి, ఆ తరవాత ఇది ఎవరూ ఉండని చోటు అని చెప్పుకున్నారు. ఎక్కడో దూరాన ఉన్న కొండను పూజిస్తూ కూర్చుంటే, మన ఇంటిపక్కన ఉన్న వాగునూ మన వీధిలో ఉన్న చెట్టునూ పట్టించుకోము. పెరటి చెట్టు కూడా అడవిచెట్టు లాంటిదే అన్నారు. అడవులను కాపాడడానికి పాటుపడేవాళ్ళకు ఈ మాటలు కష్టం కలిగించాయి. చెట్లు కొట్టేవాళ్ళకు మీరు ఆయుధం అందిస్తున్నారని విమర్శించారు. అడవులు వద్దని ఆయన అనలేదు. అడవినీ పెరడునూ ఒకే మనసుతో చూడమన్నారు. మనకు పెరటిచెట్టు మందుకు పనికిరాదనే సామెత ఉన్నది గదా. ఆయన వాదం ఆ సామెతకు జవాబులా ఉంటుంది.

ఇంతవరకు చెప్పినది పుస్తకాల సంగతి. చదువుకున్నవారి పుస్తకాలు చదువుకున్నవారే చదివి అలమారాల్లో పెట్టుకుంటే లోకానికి ఏమిటి లాభం? క్రోనన్‌కు మొదటినుంచీ ఈ బాధ ఉన్నది. 1992లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయానికి వచ్చి, మాడిసన్ పట్టణంలో స్థిరపడ్డారు. అక్కడ సంస్కృతి, చరిత్ర, పర్యావరణం మూడూ కలిపి అధ్యయనం చేసే కేంద్రం ఏర్పడడానికి ముఖ్యకారకులయ్యారు. ఆ కేంద్రంవాళ్ళు విద్యార్థులనూ ఆచార్యులనూ బస్సెక్కించి పొలాలకూ గనులకూ నదీతీరాలకూ తీసుకువెళతారు. నేలను కూడా పుస్తకంలాగా చదవాలి అన్నది ఆయన పాఠాల్లో ఒకటి. వంకర తిరిగిన రోడ్డు ఎందుకు వంకర తిరిగింది? ఒకే వరుసలో ఒకే వయసు చెట్లు ఎందుకున్నాయి? పాడుబడ్డ ఆ గోడ ఏ పొలానికి హద్దు? ఇలా అడుగుతూ పోతే నేల జవాబు చెబుతుందంటారు.

కంప్యూటర్లు వచ్చాక ఆయన వాటిని దూరం పెట్టలేదు. చరిత్ర పరిశోధన ఎలా చేయాలో ఆయనా ఆయన విద్యార్థులూ కలిసి పాఠాలుగా వ్రాసి, ప్రపంచంలో ఎవరైనా డబ్బు కట్టకుండా చదువుకునేలా ఇంటర్నెట్‌లో పెట్టారు. పాతపటం చదవడం ఎలా, ఫోటోను ప్రశ్నించడం ఎలా, పెద్దవాళ్ళను కూర్చోబెట్టి వివరాలు రాబట్టడం ఎలా - అన్నీ వివరంగా ఉంటాయి. 2014 నుంచి ఆ కేంద్రం విద్యార్థులు 'ఎడ్జ్ ఎఫెక్ట్స్' అనే పత్రికను కాగితం లేకుండా కంప్యూటర్‌లోనే నడుపుతున్నారు. 2012లో క్రోనన్ అమెరికన్ చరిత్రకారుల సంఘానికి అధ్యక్షులయ్యారు. ఆ హోదాలో సంఘం పత్రికకు వ్రాసిన మొదటి వ్యాసమే ఈ డిజిటల్ కాలంలో చరిత్రను ప్రజలమధ్య ఎలా ఆచరించాలి అన్న విషయంమీద. జనం ఏ సందేహం వచ్చినా ముందు ఇంటర్నెట్‌లో చూస్తున్నారు, వికీపీడియా చదువుతున్నారు. దాన్ని వెక్కిరిస్తూ కూర్చోవడంకంటే అక్కడికి వెళ్ళి తెలిసినది చెప్పడం మంచిది అన్నది ఆయన అభిప్రాయం.

అయితే పదిమందిలో మాట్లాడినవారు పదిమంది చేతా అనిపించుకోవలసి కూడా వస్తుంది. 2011 మార్చిలో విస్కాన్సిన్‌లో ప్రభుత్వ ఉద్యోగుల సంఘాల హక్కులను తగ్గించే చట్టంమీద పెద్ద ఆందోళన జరిగింది. ఇటువంటి చట్టాల ముసాయిదాలు ఎక్కడ తయారవుతున్నాయి, వాటివెనక ఏ సంస్థలున్నాయి, మీరే వెతికి తెలుసుకోవడం ఎలా అని క్రోనన్ ఇంటర్నెట్‌లో ఒక వ్యాసం వ్రాశారు. గోధుమగింజ వెనక నడిచినట్టే, ఈసారి ఒక చట్టం వెనక నడిచారన్నమాట. రెండురోజులు తిరగకుండా, అధికారంలో ఉన్న రిపబ్లికన్ పార్టీ రాష్ట్రశాఖ, ప్రభుత్వ కాగితాలను ప్రజలు చూడవచ్చుననే చట్టం కింద, విశ్వవిద్యాలయం ద్వారా ఆయన పంపిన, అందుకున్న ఈ-మెయిళ్ళలో ఫలానా ఫలానా మాటలు ఉన్నవన్నీ ఇప్పించమని అర్జీ పెట్టింది. తాను ఏ పార్టీ సభ్యుణ్ణీ కానని ఆయన చెప్పారు. కాగితాలు ప్రజలకు అందాలనే చట్టం మంచిదే, చరిత్రకారుడికి అది ప్రాణం లాంటిది. కాని విద్యార్థులు నమ్మి వ్రాసిన ఉత్తరాలనూ, తోటివారితో చేసిన చర్చలనూ ఇలా బజారున పెడితే రేపు ఎవరైనా నోరు విప్పుతారా అని అడిగారు. విశ్వవిద్యాలయం కొన్ని ఇచ్చింది, విద్యార్థులవీ, పండితుల చర్చలవీ ఇవ్వలేదు. రాజకీయాల్లో ఎవరిది ఒప్పు అనే సంగతి ఇక్కడ మనకు వద్దు. జీవితమంతా ఇతరుల కాగితాలు చదివిన మనిషికి, తన కాగితాలే ఇతరులు అడిగినప్పుడు కూడా ఆ చట్టాన్ని దూషించకుండా, మానకుండా మాట్లాడగలిగిన నిబ్బరం ఉన్నది. అది చెప్పుకోదగ్గ విషయం. ఆయన ఇప్పుడు పదవీవిరమణ చేసి విశ్రాంత ఆచార్యులుగా ఉన్నారు.

ఇదంతా పెద్ద చదువులవారి పని, మనబోటివాళ్ళం చేసేదేముంది అని మీకు అనిపించవచ్చు. అందుకే ఇంగ్లండులో జరిగిన ఒక సంగతి కూడా చెప్పి ముగిస్తాను. ఇది చేయించినది చరిత్రకారుడు కాదు, ఎడ్ హాకిన్స్ అనే వాతావరణ శాస్త్రజ్ఞుడు. కాని పాతకాగితాలనూ ప్రజలనూ కంప్యూటరునూ ఒకచోట చేర్చడంలో దారి మాత్రం అదే.

బ్రిటన్‌లో వెనకటినుంచీ ఎందరో మామూలు మనుషులు - పాదరీలు, డాక్టర్లు, తోటమాలులు, ఇళ్ళల్లో ఉండే ఆడవాళ్ళు - వానకొలిచే పాత్ర పెట్టుకొని నెలనెలా ఎంత వాన పడిందో వ్రాసి ఉంచారు. ఆ కాగితాలు 65 వేలకు పైగా వాతావరణశాఖ భాండాగారంలో ఉన్నాయి. చేతివ్రాత గనుక యంత్రం సరిగా చదవలేదు. 2020 మార్చిలో కరోనావల్ల అందరూ ఇళ్ళల్లో ఉండిపోయినప్పుడు, ఆ కాగితాల ఫోటోలను ఇంటర్నెట్‌లో పెట్టి, చూసి అంకెలు ఎక్కించమని హాకిన్స్ ప్రజలను అడిగారు. ఎన్నో నెలలు పడుతుందనుకోవలసిన పని అది. 16 వేలమంది ముందుకు వచ్చి 16 రోజుల్లో ముగించారు. 52 లక్షలకు పైగా అంకెలు! ఒకరు చదివినదాన్నే నమ్మకుండా మరికొందరిచేత కూడా చదివించి సరిచూశారు. 2022లో ఈ అంకెలు అధికారిక లెక్కల్లో చేరాయి. 1862 దగ్గర ఆగిపోయిన బ్రిటన్ వానల చరిత్ర 1836 దాకా వెనక్కు వెళ్ళింది. అంతకుముందు తెలిసిన కరువులకంటే 1855 మరీ వానలేని సంవత్సరమని దీనివల్ల బయటపడింది.

ఆ కాగితాలు వ్రాసినవారిలో లేడీ బేనింగ్ అని ఒకావిడ ఉన్నారు. 1835 నుంచి 1887 వరకు, అంటే యాభై ఏళ్ళకు పైగా, నార్‌ఫోక్‌లో వాన కొలిచి వ్రాశారు. విందులకూ వేడుకలకూ లండన్ వెళ్ళి కొన్నాళ్ళు ఉండవలసివస్తే, వానకొలిచే పాత్రను కూడా సామాన్లతో సర్దుకొని తీసుకువెళ్ళేవారట! చుట్టుపక్కలవాళ్ళు నవ్వుకునే ఉంటారు. ఆమె వ్రాసిన అంకెలే ఇప్పుడు వరదల గురించీ కరువుల గురించీ లెక్కలు కట్టేవారికి ఆధారం.

మరి మన ఇళ్ళల్లోనూ పద్దుపుస్తకాలు ఉన్నాయి. పాలలెక్క, చాకలిపద్దు, నెలసరుకుల జాబితా మనం వ్రాసేవే. వాటి పక్కనే ఇంకో నాలుగు ముక్కలు వ్రాయడం కష్టం కాదు. ఈ ఏడు తొలకరి ఏ తేదీన పడింది? బావిలో నీళ్ళు ఎండాకాలంలో ఎన్ని మెట్లు దిగాయి, లేదా బోరు ఏ నెలలో ఆగిపోయింది? మామిడి ఎప్పుడు పూత పట్టింది? వీధిచివర చెరువు ఏ సంవత్సరం పూడ్చారు, అందులో ఏ చేపలు దొరికేవి? ఇంట్లో పెద్దవాళ్ళుంటే, వాళ్ళ చిన్నప్పుడు ఏ రకం బియ్యం వండేవారో, ఆ వడ్లు ఎక్కడినుంచి వచ్చేవో అడిగి వ్రాసుకోండి. తేదీ, ఊరిపేరు మాత్రం మరచిపోకండి. అవి లేకపోతే ఎంత మంచి ముచ్చటైనా లెక్కకు అందదు. విన్నది వేరు, కంటితో చూసింది వేరు. ఏది ఏదో కూడా పక్కన గుర్తు పెట్టండి. వీలైతే పిల్లలచేత ఫోటో తీయించి కంప్యూటర్‌లోనో ఫోనులోనో దాయించండి. కాగితాన్ని చెదలు తింటాయి, ఫోను పాడైపోతుంది. రెండుచోట్లా ఉంటే ఒకటైనా మిగులుతుంది.

అలాగే, బజారునుంచి సరుకు తెచ్చుకున్నప్పుడు ధర ఒక్కటే కాకుండా, ఇది ఏ నేలమీద పండింది, ఎవరి నీళ్ళు తాగింది అని ఒకసారి దుకాణదారుణ్ణి అడిగి చూడండి. అతనికి తెలియకపోవచ్చు. తెలుసుకొని చెబుతానంటే అదీ మంచిదే.